పెద్ద బ్యాటరీకి కాపలా

సోమవారం, ఉదయం 6:00
ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని.

మా హైబ్రిడ్ కారు ముసలిదైపోయిందనీ, దాని పెద్ద బ్యాటరీ నేడో రేపో అన్నట్టుందనీ మా ఆవిడ నిన్న తేల్చేసింది. రెండు వారాల్లో ఆవిడ కొత్త బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేరుతోంది. "ఆ రోజు నన్ను టైముకి దింపిందా, ఉంచుకుందాం. మొరాయించిందా, మా తమ్ముడు తెచ్చిన బేరానికి ఇచ్చేద్దాం" అంది.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఈ కారే. తనకంటే ముందు పుట్టిందని అది దీన్ని "అక్క" అంటుంది. దీన్ని అమ్మెయ్యమంటే నాకు ప్రాణం ఒప్పదు.

అందుకని స్టీరింగ్ కింద గుచ్చే చిన్న పరికరం ఒకటి కొన్నాను. బ్యాటరీ ఆరోగ్యం ఫోన్‌లో చూపిస్తుంది. రోజూ ఆరింటికి, టీ కన్నా ముందు చూడాలి. చూడగానే పీకి సొరుగులో పెట్టాలి.

పెట్టె మీద చీమల బారులా ఏదో రాసి ఉంది. అట్టపెట్టె చదివి బాగుపడ్డవాణ్ణి నేను చూడలేదు. పడేశాను.

ఆరోగ్యం 71 శాతం. నాకన్నా నయం.

మంగళవారం, 6:00
71. బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. "పొద్దున్నే లేచి కారు నాడి చూస్తున్నావా బావా?" అన్నాడు. కుళ్ళు.

బుధవారం, 6:40
71. టీ తాగాకే చూశాను. టీ పడకపోతే నాకు అంకెలు ఆనవు. తప్పు చదివితే పూచీ ఎవరిది?

గురువారం, 8:15
70! మళ్ళీ చూశాను. 72. మళ్ళీ, 69. మళ్ళీ, 71.
అమ్మాయి కిటికీలోంచి "నాన్నా, అక్కకి జ్వరమా?" అంది.
"అక్కకి కాదు, నాన్నకి" అంది వాళ్ళమ్మ.

శుక్రవారం
స్టీరింగ్ కింద తల దూర్చి గుచ్చడం, పీకడం. నడుం పట్టేసింది. ఇకమీదట పీకేది లేదు, అక్కడే ఉండనీ. దానికేమన్నా తిండి పెట్టాలా?

ఆదివారం
నిన్న చూడలేదు. ఇవాళా చూడలేదు. సెలవు రోజుల్లో డాక్టర్లే చూడరు.

బుధవారం
వాన. ఆవిడ సెలవులో ఉంది, నేను ఇంటి నుంచే పని. కారు కదల్లేదు. విశ్రాంతి దొరికితే ఆరోగ్యం దానంతటదే కుదుటపడుతుంది.

శనివారం
"చూస్తున్నారా?" అని ఆవిడ అడిగింది.
"చూస్తూనే ఉన్నా" అన్నాను.
కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది కదా.

సోమవారం, 7:30
ఆవిడ ఇస్త్రీ బట్టల్లో ముందు సీట్లో కూర్చుంది. బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక్క దీపం వెలగలేదు.

ఆవిడ కారు దిగింది. తమ్ముడికి ఫోన్ చేసి, ఇంట్లోకి వెళ్ళి ఓ అట్టపెట్టె తెచ్చింది. నేను పడేసిందే! ఎప్పుడు ఏరిందో, అందులో గుండీలు దాచుకుంటోంది. పైన రాసింది చదివింది. "కారు ఆపాక పరికరం తీసేయండి. ఉంచితే చిన్న బ్యాటరీ ఖాళీ అవుతుంది."

కారుని నిద్రలేపేది ఆ చిన్న బ్యాటరీయేనట. పెద్దదానికి నేను పెట్టిన కాపలా చిన్నదాన్ని పీల్చేసింది. కంచే చేను మేసింది.

బావమరిది తన కారులో వచ్చి, మా కారుని అక్కడే వదిలేసి, మా ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్ళాడు.

సాయంత్రం
మెకానిక్ చిన్న బ్యాటరీ మార్చాడు. పెద్దది ఇంకొన్నాళ్ళు నడుస్తుందన్నాడు. ఆవిడ వచ్చింది. బేరం సంగతి అడగడానికి ధైర్యం చాల్లేదు.

తనే అంది. "మొరాయించింది కారు కాదు, మీరు. మిమ్మల్ని ఎవరన్నా కొంటారేమో కనుక్కోమన్నా. మా తమ్ముడు బేరం కుదరదన్నాడు."

తాళాలు మాత్రం తన సంచీలో వేసుకుంది. అక్క ఉంటుంది. నాకంతే చాలు.

మంగళవారం, ఉదయం 6:00
ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని. చిన్న బ్యాటరీని కనిపెట్టి చూసే పరికరం ఇంకోటి తెప్పించాను. ఈసారి పెట్టె మీద ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా చదివాకే తెరుస్తాను.

టీ తాగాక.