ఆరు సిలిండర్లు, ఒక అత్తగారు

హిబారా,
మార్చి 4, 1996

మరదలు జొరైదాకు,

బావ నికనోర్ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టి ఆ కాగితం చింపేశాను. ఇది రెండో కాగితం. కులాసా ఏమీ లేదు.

మీ అమ్మ కంటి ఆపరేషన్‌కి ఎట్టకేలకు తేదీ ఇచ్చారు. ఏప్రిల్ పద్దెనిమిది, ఉదయం తొమ్మిది, ఓల్గీన్ ఆసుపత్రిలో. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అత్తయ్యకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. మొన్న నా చొక్కా ఆరేసిన కుర్చీతో పది నిమిషాలు మాట్లాడి, జవాబు చెప్పలేదని అలిగింది.

ఇక అసలు గొడవ. ఓల్గీన్ వెళ్ళాలంటే ట్రక్కే గతి. ఆవిడేమందో విను: "ట్రక్కులో చెరకు గెడలా నిలబడి రాను. ఊళ్ళో వాళ్ళ కార్లు నాకొద్దు. మన కారులో అయితేనే వస్తా. కాదంటే నా చీకటి నాకు అలవాటే."

మన కారు! యాభై నాలుగు మోడల్! మీ అక్క అంపారో చనిపోయిన వారంలోనే షెడ్డులో పెట్టి తలుపు మూశాను. పదకొండేళ్ళు. నిన్న తీసి చూస్తే టైర్లు నేలకి అంటుకుపోయాయి. వెనక సీట్లో ఒక కోడి పొదుగుతోంది. ఎవరి కోడో తెలియదు. నేను కళ్ళజోడు సర్దుకుని చూస్తుంటే, నేనే దారి తప్పి వచ్చినట్టు చూసింది.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పినవాణ్ణి. అమెజాన్ ఎక్కడ పుట్టిందో చెప్పగలను, ఈ ఇంజన్‌కి ముందేదో వెనకేదో చెప్పలేను. నువ్వు చక్కెర మిల్లులో ఇంతింత యంత్రాలు విప్పి బిగించేదానివి. వెంటనే రా.

ఇట్లు,
నిద్రపట్టని నీ బావ,
నికనోర్

తా.క. తాళం దొరికింది. ఒకసారి తిప్పి చూడనా?

---

కమగ్వే,
మార్చి 7

బావకు,

జొరైదా దణ్ణాలు. తిప్పకు! తిప్పకు! కవరు మీద కూడా రాశాను, పోస్టుమాన్ గుమ్మంలోంచే అరుస్తాడని.

నేను రాలేను. చెరకు కోత మధ్యలో ఉన్నాం, మే దాకా మిల్లు ఆగదు, నన్ను వదలరు. ఉత్తరాల్లో చెప్తాను, చెప్పింది చెప్పినట్టు చెయ్యి. సొంత తెలివి వాడకు.

పదకొండేళ్ళు కదలని ఇంజన్‌లో పిస్టన్లు తుప్పుతో గోడల్ని కరుచుకుని ఉంటాయి. బలవంతంగా తిప్పావంటే ఏదో ఒకటి విరుగుతుంది. విరిగిందా, ఈ దీవి మొత్తం వెతికినా మరోటి దొరకదు. అంచేత ముందు ఆరు ప్లగ్గులూ విప్పు. ఏ వైరు ఎక్కడిదో గుర్తు పెట్టుకో. ఆ ఆరు రంధ్రాల్లో తలా రెండు చెంచాల నూనె పోసి వారం రోజులు వదిలెయ్. ట్యాంకులో ఉన్న పెట్రోలు పారబొయ్యి. అది పెట్రోలు అవడం మానేసి చాలా కాలమైంది. వారం తర్వాత ఇంజన్ ముందున్న పెద్ద చక్రం బోల్టుకి పానా వేసి, చేత్తో, మెల్లగా తిప్పు.

ఇట్లు,
జొరైదా

తా.క. అమ్మ మొండితనం ఆ ఇంజన్ కన్నా పాతది. ఆవిడకీ రెండు చెంచాలు పోసి వారం రోజులు వదిలెయ్. ఈ ముక్క మాత్రం చదివి వినిపించకు.

---

హిబారా,
మార్చి 17

మరదలు జొరైదాకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇల్లు యుద్ధభూమి అయింది.

రేషన్‌లో వచ్చిన నెల నూనె అంతా ఆరు రంధ్రాల్లోకి పోయింది. అత్తయ్య వాసన పట్టేసింది. "అల్లుడూ, చిక్కుళ్ళలోకి చుక్క నూనె లేదు గానీ కారుకి తాళింపు పెట్టావా?" అంది. అప్పట్నుంచీ ఉడకబెట్టిన చిక్కుళ్ళే తింటున్నాం ఇద్దరం.

వైర్లకి సుద్దముక్కతో ఒకటి, రెండు అని అంకెలు వేశాను. నీట్‌గా వేశాను, ఎంతైనా మాస్టర్ని. మొన్న వాన కురిసి షెడ్డు కప్పు కారింది. ఇప్పుడు ఆరు వైర్లూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఏది ఎవరో తెలియదు.

పానా వేసి తిప్పాను. చక్రం కదల్లేదు, నా నడుము కదిలింది. ఇంకా నెల రోజులే ఉంది జొరైదా. రోజూ కేలండర్ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళాలంటే గోడవైపు తిరిగి నడవాల్సి వస్తోంది.

ఇట్లు,
నీ బావ

తా.క. గాలి గొట్టంలో ఎలుక గూడు కట్టింది. కాగితాలన్నీ నేను దిద్దిన పరీక్ష పేపర్లే. సముద్రమే లేని బొలీవియాని సముద్రతీర దేశమని రాసినవాడి పేపరు దొరికింది. మన ఊరి ట్రక్కుల వేళలు ఇప్పుడు వాడే నిర్ణయిస్తున్నాడు.

---

కమగ్వే,
మార్చి 22

బావా!

వంట నూనె కాదు! ఇంజన్ నూనె! నీ ఉత్తరం చదివి వర్క్‌షాపులో నేను పెట్టిన కేకకి మిల్లు ఆగిందనుకున్నారు. వంట నూనె ఎండితే జిగురైపోతుంది, ఉన్న పట్టు ఇంకా బిగుస్తుంది. రైలు గార్డు చేత సీసా పంపుతున్నాను. అందులో కిరోసిన్, ఇంజన్ నూనె కలిపి ఉన్నాయి. ఆరింటిలోకీ పొయ్యి. తాగే సీసాలో ఉందని ఎవరికీ ఇవ్వకు.

వైర్ల వరస తప్పితే ఇంజన్ లేవడం అలా ఉంచు, తుపాకీలా పేలుతుంది. ఆ వరస ఉన్న పుస్తకం మా ఫోర్‌మన్ దగ్గర ఉంది. దొరకగానే టెలిగ్రాం కొడతాను.

కంగారుపడకు. నీ బదులు నేను పడుతున్నాను.

ఇట్లు,
జొరైదా

తా.క. చిక్కుళ్ళ గురించి అమ్మకి నా తరఫున క్షమాపణ చెప్పు. నీ తరఫున వద్దు, ఆవిడ ఒప్పుకోదు.

---

టెలిగ్రాం, మార్చి 25

ఒకటి అయిదు మూడు ఆరు రెండు నాలుగు. వరస మార్చకు. అమ్మకి చెప్పకు. జొరైదా.

---

హిబారా,
మార్చి 30

జొరైదా,

నన్ను పోలీసు స్టేషన్‌కి తీసుకుపోయినంత పనైంది.

నీ టెలిగ్రాం నా చేతికి రాకముందే ఊరంతా చేరింది. చాటుమాటు లాటరీలో గెలిచే అంకెలు ఎవరో ముందే పంపారని వీధి వీధంతా వాటి మీదే పందెం కాసింది. మధ్యాహ్నానికి మా పేట పోలీసు వెనాన్సియో గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈ అంకెలు ఎవరివి?"

"మా మరదలివి."

"ఏం చేస్తుందావిడ?"

"చక్కెర మిల్లులో మెకానిక్."

"మరి 'అమ్మకి చెప్పకు' అని ఎందుకు రాసింది?"

అదే నాకూ తెలియదన్నాను. నాకు చెమటలు పట్టడం చూసి అతనికి అనుమానం రెట్టింపైంది. లోపల్నుంచి అత్తయ్య, "ఏమిటా అంకెలు? నాకూ చెప్పండి నాయనా!" అని అరుస్తోంది. చివరికి షెడ్డులోకి తీసుకెళ్ళి ఆరు వైర్లూ చూపించాను. అతను ఒక్కో వైరూ పట్టుకుని చూశాడు. తర్వాత టోపీ తీసి కోడి పక్కన పెట్టి, "మా నాన్నకీ ఇలాంటిదే ఉండేది మాస్టారూ" అన్నాడు. అప్పట్నుంచీ డ్యూటీ దిగగానే వస్తున్నాడు. వైర్లు అతనే పెట్టాడు.

సీసా అందింది, పోశాం. ఇంజన్ మాత్రం కదల్లేదు. పందొమ్మిది రోజులే ఉంది. ఏం చెయ్యను?

ఇట్లు,
బావ

తా.క. ఆ అంకెలు తగల్లేదు. వీధిలో ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు.

---

కమగ్వే,
ఏప్రిల్ 4

బావకు దణ్ణాలు.

అమ్మకి చెప్పకు అన్నది ఆవిడ ఆ అంకెల మీద పందెం కాస్తుందనే. నా తల్లి సంగతి నాకు తెలియదా?

పానాతో లాభం లేదు. టైర్లకి గాలి కొట్టి, ప్లగ్గులు లేకుండానే పెద్ద గేర్లో పెట్టు, చేతి బ్రేకు వదులు. నీతో మాట్లాడేవాళ్ళు ఎంతమంది మిగిలితే అంతమందినీ పిలువు. కారుని ముందుకి ఒక బెత్తెడు, వెనక్కి ఒక బెత్తెడు ఊపండి. ఉయ్యాల ఊపినట్టు, గుద్దులాట కాదు. ఎంతసేపైనా సరే. కదిలితే పాత నూనె దింపి కొత్తది పొయ్యి, ప్లగ్గులు గీకి బిగించు, ఆరు వోల్టుల బ్యాటరీ ఎక్కడన్నా అరువు తే. పన్నెండుది పెట్టావంటే నేను అక్కడికి వచ్చేది నీ దినానికే.

నాకూ నిద్ర లేదు. రాత్రి కలలో అమ్మకి ప్లగ్గులు విప్పుతున్నాను.

ఇట్లు,
జొరైదా

తా.క. పదిహేనుకి లేవకపోతే అమ్మని దుప్పట్లో చుట్టి ట్రక్కెక్కించు. ఇది చదివాక చింపెయ్.

---

హిబారా,
ఏప్రిల్ 12

జొరైదా,

కదిలింది! ఎనిమిది మందిమి రెండు రోజులు ఊపాం. నిన్న పొద్దున "టక్" అంది, చక్రం అరంగుళం తిరిగింది. వెనాన్సియో నన్ను ముద్దు పెట్టుకున్నాడు, యూనిఫాంలోనే. సాయంత్రానికి పూర్తిగా తిరిగింది.

కానీ లేవడం లేదు. దగ్గుతుంది, నల్లగా ఉమ్ముతుంది, ఆగిపోతుంది. అరువు బ్యాటరీ అయిపోవస్తోంది. ఆరే రోజులు!

ఇంట్లో నిబ్బరంగా ఉన్నది అత్తయ్యొక్కతే. రోజూ "లేచిందా?" అంటుంది. లేదంటే, "పోనీలే పాపం, దాన్ని బాధపెట్టకండి" అంటుంది. ఎంత మంచి మనసు!

ఇట్లు,
బావ

తా.క. నీ ఉత్తరం చింపడానికి మనసొప్పలేదు. మిగతావాటితో పాటు సొరుగులో పెట్టాను.

---

హిబారా,
మే 9

చిన్నదానా,

ఈ చేతిరాత గుర్తుపట్టావా? తొమ్మిదేళ్ళయింది నేను కలం పట్టి. గీతలు పైకెక్కి కిందికి దిగుతున్నాయి గానీ, రాస్తున్నది నేనే. మీ అమ్మని.

పదిహేడో తారీకు మధ్యాహ్నం ఆ పోలీసుకి ఒళ్ళు మండి చెప్పు తీసి కార్బురేటర్‌ని రెండు తగిలించాడు. లోపల ఇరుక్కున్నదేదో ఊడిందిట. అంతే, లేచింది! ఆ మోతకి ఇంటి కప్పు పెంకులు ఆడాయి. వీధంతా చప్పట్లు. నేను భోరున ఏడ్చాను. మీ బావ ఆనందం అనుకుని నన్ను కావలించుకున్నాడు.

ఆనందం కాదే. నీకొక్కదానికే చెప్తున్నాను. కన్ను బయటికి తీసి బల్ల మీద పెట్టి తుడుస్తారని ఎవరో చెప్పారు. ఆ భయంతో చచ్చిపోతున్నాను. వద్దంటే మీరు వినరు. అందుకే ఈ జన్మలో లేవదనుకున్న ఆ కారుని షరతుగా పెట్టాను. అది లేచి కూర్చుంటుందని నాకేం తెలుసు?

పద్దెనిమిదిన తెల్లారగట్ల బయల్దేరాం. సగం దారిలో ఇంజన్ వేడెక్కి ఆగింది. మీ బావ దిగి నీళ్ళు పోస్తాడనుకుంటే, దిగడం లేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది నాయనా?" అన్నాను.

"అత్తయ్యా, అంపారోని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ దారినే. తిరిగి ఒక్కణ్ణే వచ్చాను. ఆ తర్వాత మళ్ళీ ఈ కారు నడపలేదు" అన్నాడు.

పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. పెట్రోలు దొరకదని చెప్పేవాడు. నేనూ నమ్మేదాన్ని. అప్పుడు నా భయం నేనూ చెప్పేశాను. ఇద్దరం కాసేపు ముక్కులు చీదుకున్నాం.

"అయితే వెనక్కి తిప్పు నాయనా, ఇంటికి పోదాం" అన్నాను.

"రివర్సు గేరు పడట్లేదత్తయ్యా" అన్నాడు.

అలా వెళ్ళాను ఆసుపత్రికి.

బల్ల లేదు, తుడవడం లేదు. నిద్ర పట్టేలోగా అయిపోయిందన్నారు. కట్టు విప్పగానే ఎదురుగా ఎవరో ముసలాయన ఏడుస్తూ కనబడ్డాడు. "ఎవరయ్యా నువ్వు, నీకెవరు పోయారు?" అన్నాను. నేనే అత్తయ్యా అన్నాడు. తల నున్నగా ఉంది. జుట్టంతా ఎప్పుడు పోయిందో ఒక్కరూ నాకు చెప్పలేదు.

కళ్ళొచ్చాక మొదట చదివింది సొరుగులో నీ ఉత్తరాలు. మీ బావ నాకు చదివి వినిపించినవి వేరేలా ఉండేవి. వాటిలో నువ్వు చాలా మర్యాదస్తురాలివి. రెండు చెంచాల సంగతి, దుప్పటి సంగతి ఎదురుగా మాట్లాడుకుందాం. కోత అయిపోగానే రా. నిన్ను చూడాలి. గొంతు గుర్తుంది గానీ నీ ముఖం నా మనసులో ఇంకా ముప్ఫై ఏళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఇట్లు,
మీ అమ్మ,
ఫిలోమెనా

తా.క. నేనడిగానని ఇంటికి నీలం రంగు వేయించానని మీ బావ నాలుగేళ్ళుగా చెప్తున్నాడు. నిన్న వీధిలోకి వెళ్ళి చూశాను. ఆకుపచ్చ. దొరికిన రంగు అదే అయ్యుంటుంది పాపం. "నీలం బాగా నప్పింది నాయనా" అన్నాను. నువ్వొచ్చినప్పుడు నువ్వూ నీలమే అను.