ఈఫా కెమెరా

మంగళవారం రాత్రి, వాటర్‌ఫోర్డ్

అర్థమైందని పిల్లలు నోటితో చెబితే నమ్మాలా, ముఖం చూసి నమ్మాలా? టీచరైనప్పటి నుంచీ నాకు తేలని ప్రశ్న ఇది.

ఇవాళ ఆన్‌లైన్ పాఠాల మీద మాకు ఆన్‌లైన్‌లోనే ట్రైనింగ్. కెమెరా ఆన్ పెట్టని పిల్లలకి ఆబ్సెంట్ వెయ్యమంది ట్రైనర్. నా క్లాసులో ఈఫా అనే అమ్మాయి పెట్టదు. అద్దె ఇల్లు పోయి, తల్లితో, ఇద్దరు తమ్ముళ్ళతో ప్రభుత్వం సర్దిన ఒకే హోటల్ గదిలో ఉంటోంది.

"ఒక్క గదిలో నలుగురుంటే ఆ పిల్ల ఏం చేస్తుంది?" అని అడిగాను.

"ముందు మీ కెమెరా పెట్టండి, సునీతా."

పెట్టాను. నా వెనక స్టాండు మీద ఆరేసిన లోదుస్తులన్నీ అందరికీ కనిపించాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

"గ్రాండ్! ఇప్పుడు చెప్పండి" అందావిడ.

ఒళ్ళు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది.

అన్నాల దగ్గర చెబితే మా అమ్మాయి, "జస్ట్ మార్క్ హర్ ప్రెజెంట్, మామ్" అంది, అదేదో తేలికైనట్టు.

రేపు ఈఫాకి ఆబ్సెంట్ వెయ్యను. ఎవరొచ్చి అడుగుతారో అడగనీ. కానీ ఆ నల్లటి చదరం వెనక పిల్లకి లెక్క అర్థమవుతోందో లేదో నాకు తెలీదు. ముఖం చూపించమని ఒక్కసారి అడగనా, ఊరుకోనా? తేల్చుకోలేకపోతున్నాను.