ఇరవయ్యో పేరు

బడులకు ఎంతెంత డబ్బివ్వాలో మళ్ళీ పరిశీలిస్తున్న కమిటీ పెద్దలకు, కుట్టుమిషను ముసలమ్మ చెప్పి రాయిస్తున్నది.

నాకు చదువు రాదు. మా వీధి బడి చిన్న పంతులమ్మ రాసిపెడుతోంది. తన గురించి మంచి మాట చెప్తే మాత్రం కలం ఆపేస్తోంది. అందుకని తనలో మంచి లేదనుకోకండి.

మీ రూలు ప్రకారం ఇరవైమంది పిల్లలుంటేనే రెండో పంతులమ్మకు జీతం. మా బడిలో సరిగ్గా ఇరవైమందే ఉండేవాళ్ళు. అందులో ఒకతి నా కూతురి కూతురు. మొన్న వానల్లో జ్వరమొచ్చి పోయింది. నెల తిరక్కుండానే దాని పేరు కొట్టేసి, ఈ చిన్న పంతులమ్మను బదిలీ చేశారు. సోమవారం వెళ్ళిపోతోంది.

నిన్న దాని పక్కన కూర్చునే పిల్ల వచ్చి, "అమ్మమ్మా, అది చచ్చిపోబట్టే టీచరు పోతోందంట కదా" అంది. పోయిన పిల్ల నెత్తిన ఈ నింద కూడానా? పెద్ద బడిలో ఒకరు పోతే ఒక చోటు ఖాళీ అవుతుంది. మా బడిలో ఒకరు పోతే సగం బడే పోయింది. ఇదేం న్యాయమో చదువుకున్నవాళ్ళు, మీరే చెప్పండి.

మీరు తేల్చేదాకా దాని పేరున్నచోట నా పేరు రాయించండి. దాని పలక నా దగ్గరే ఉంది. రోజూ వస్తాను. అల్లరి చెయ్యనని మాత్రం మాటివ్వలేను.

"ఒప్పుకోరమ్మా" అంటోంది పంతులమ్మ. రాయమన్నాను. ఒప్పుకోకపోతే నిన్న వచ్చిన పిల్లకేం చెప్పాలో మీరే రాసి పంపండి. సోమవారంలోపు పంపండి. ఆ తర్వాత నాకు తీరిగ్గా చదివి వినిపించేవాళ్ళుండరు.