ఎర్రగద్దల వాటా

జురా కొండలు,
మార్చి 1999

ప్రియమైన ఒదిల్ అక్కకు,

ఇక్కడ నాన్నా, నేనూ, పదకొండు ఆవులూ కులాసా. నువ్వు సిస్టర్‌వై మడగాస్కర్ వెళ్ళాక నీకిది మూడో జ్వరం. ఈపాటికి తగ్గిందనుకుంటాను.

మంచు కరిగింది. నాన్న పచ్చికకు పేడ ఎరువు తోలాడు. ఆ వాసనకి నువ్వు గుర్తొచ్చావు, కోప్పడకు. సిస్టర్ల బడి నుంచి సెలవులకి రాగానే మనిద్దరం గట్టు మీద బోర్లా పడుకునేవాళ్ళం. ఎరువు తిన్న గడ్డి మోకాలెత్తు, దాని కింద ఎలుకలు. చిన్నడేగ గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి చిన్నవాటిని తన్నుకుపోయేది. పెద్దడేగ కంచె గుంజ మీద కూర్చుని బలిసినవాటి కోసం కాచుకునేది. ఎర్రగద్దల జంట చివర్లో వచ్చి చచ్చినవీ, మిగిలినవీ తీసుకునేది. "అచ్చం నువ్వే, ఎప్పుడూ ఆఖరి బంతి" అని ఏడిపించేదానివి. నేను పుస్తకం వదిలి వచ్చేసరికి సూప్ చల్లారిపోయేది కదా.

ఆ జంట చచ్చాక వేరే గద్దలేమైనా వచ్చాయా అని అడిగావు. రాలేదు. ఇది రెండో వసంతం.

నాన్నా, పక్కపొలం ఫుల్బేర్ మామా మాట్లాడుకుంటున్నారా అనీ అడిగావు. లేదు. రోజూ సాయంత్రం జున్ను కేంద్రంలో పక్కపక్కనే పాలు పోసి, చెరో గోడా చూస్తూ నిలబడతారు. "మీ నాన్నకి నా మొహం కన్నా ఆ గోడే అందంగా ఉందిలే" అంటాడు మామ నాతో.

అక్కా, నీకు రాయని మాట ఒకటుంది.

ఆ ఏడు ఎలుకలు పచ్చికంతా తవ్వేస్తే, ఊరంతా విషం పట్టించిన కేరట్ ముక్కల్ని మట్టిలో పూడ్చారు గుర్తుందా? తర్వాత రెండు వారాలు, పైకొచ్చి చచ్చిన ఎలుకల్ని పిట్టలు తినకముందే రోజూ ఏరి పాతిపెట్టాలి. మన పొలంలో ఆ పని నాది. నాలుగోరోజు వాన. కొట్టంలో ఎండుగడ్డి మీద కూర్చుని నవల చదివాను. ఐదోరోజూ అంతే. "ఏరావా?" అని నాన్న అడిగితే "ఏరాను" అన్నాను.

పదోరోజు గద్దలు రెండూ రెండు పొలాల మధ్య కంచె కింద చచ్చి దొరికాయి. నాన్న జున్ను కేంద్రంలో అందరి ముందూ ఫుల్బేర్ మామ మీద కేకలేశాడు. "మా ఎలుకల్ని నా కూతురు ఒక్కటి వదలకుండా ఏరింది. గద్దలు తిన్నవి నీవే!" నేను పక్కనే ఉన్నాను.

నిన్న నాన్నకి చెప్పాను. ఆయన కడిగిన పాలక్యానే మళ్ళీ కడిగాడు. "నేను అతన్ని నలుగురిలో అన్నాను. నువ్వూ నలుగురిలోనే చెప్పు" అన్నాడు.

ఇవాళ చెప్పాను. నా గొంతు నీకు తెలుసుగా. జున్ను చేసే ఆయన "గట్టిగా, తల్లీ, వినపడట్లేదు" అనేసరికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఫుల్బేర్ మామ తిట్టలేదు. "అందరూ అంటుంటే నేనే చంపాననుకున్నానే, పిల్లా. నేనూ నమ్మేశాను" అన్నాడు. నాన్న చెయ్యి చాపాడు. మామ పట్టుకోలేదు. క్యాన్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఫుల్బేర్‌ని క్షమించమని రోజూ ప్రార్థిస్తున్నానని రాశావు. ఆ పేరు తీసేసి నా పేరు పెట్టు.

ఇట్లు,
ఇంకా నీ చెల్లెలినే అనుకుంటున్న
సొలాంజ్