బాయిలోకి పోయిన అగ్గిపెట్టె

శుక్రవారం, రాత్రి

నా అక్షరాలు కోడి గీతలు. ఎవరైనా చూస్తే తప్పులు మన్నించాలి.

మా ఆయన డ్యూటీ చొక్కా ఉతకబోతే జేబులో అగ్గిపెట్టె దొరికింది. బొగ్గు బాయిలోకి అగ్గి తీసుకుపోవద్దని పిల్లలకు కూడా తెలుసు.

"గేటు కాడ జేబులు చూసుడు బంద్ జేసిండ్రు. మా మీద నమ్మకమట!" అని నవ్వాడు.

"లోపల గ్యాసు అంటుకుంటే?"

"నేనొక్కన్నేనా? సగం మంది బీడీలు తాగుతుండ్రు. జర ఊకో."

ఆ పెట్టెను బకెట్లో ముంచాను. ఆయన పొయ్యి దగ్గరున్నది తీసి జేబులో వేసుకుని షిఫ్టుకు పోయాడు.

సార్లకు చెబితే ఆయన నౌకరి పోతుంది. చెప్పకపోతే... మా తమ్ముడూ అదే షిఫ్టు. పోతూ పోతూ వాకిట్లో ఆగి, "బావ ఉన్నడు గదా, ఫికర్ జెయ్యకక్కా" అన్నాడు.