బిస్కెట్ కుబుసం

2 నవంబర్ 2024, శనివారం

బిస్కెట్ కళ్ళు తెల్లగా మసకబారాయి. కుబుసం విడిచే టైమ్ వచ్చింది. ఇంక కొన్నాళ్ళపాటు ఎవరూ ముట్టుకోకూడదు. అద్దాల పెట్టెలో తేమ తగ్గకూడదు. కింద హీట్ మ్యాట్ ఆగకూడదు. ఐస్‌క్రీమ్ డబ్బాకి పక్కన కన్నం చేసి, తడి నాచు నింపి లోపల పెట్టాను. వెంటనే వెళ్ళి దూరింది.

ఆఫీసులో నా పక్క సీటు జాయ్, మనీలా వెళ్ళిపోతూ నాకిచ్చిన పాము ఇది. పేరు కూడా తను పెట్టిందే. బాల్ పైథాన్. విషం లేదు. పిరికిది. నాకు తెలిసిన చాలామంది కంటే మర్యాద గలది.

అత్తయ్య రాజమండ్రి నుంచి అబుదాబి వచ్చి మూడు వారాలు. మొదటిరోజు పెట్టె చూసి సోఫా ఎక్కేసింది. ఇప్పుడు రోజూ స్నానం చేసి వచ్చి దూరం నుంచి దణ్ణం పెడుతోంది. నాగేంద్రస్వామి అంటోంది. ఆడపాము అత్తయ్యా అని చెప్పాను. స్వామికి ఆడా మగా ఏవిటమ్మా అంది.

ఇవాళ భోజనాల దగ్గర మళ్ళీ మొదలెట్టింది. పెళ్ళై ఆరేళ్ళైంది కదా, నీ జాతకంలో నాగదోషం ఉండి ఉంటుందమ్మా వైదేహీ అని. ఆశిష్ ఎదురుగానే ఉన్నాడు. పప్పు కలుపుకుంటున్నాడు. కలుపుతూనే ఉన్నాడు.

రెండేళ్ళ కిందట డాక్టర్ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు, నాలో ఏ లోపమూ లేదు, ఆశిష్ వైపు నుంచి పిల్లలు పుట్టే అవకాశం దాదాపు లేదని. అమ్మకి నేనే చెప్తాను, కొంచెం టైమ్ ఇవ్వు అన్నాడు. ఇచ్చాను. ఇంకా ఇస్తూనే ఉన్నాను.

4 నవంబర్, సోమవారం

రేపు నాగులచవితి. ఈ ఇసకలో పుట్టలెక్కడ దొరుకుతాయి అని అత్తయ్య దిగులు. వెండి నాగపడగ తెచ్చుకున్నారుగా, దానికే పాలు పోసుకోండి అన్నాను. సరే అంది. అంత తొందరగా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

5 నవంబర్, మంగళవారం, సాయంత్రం 6:40

నొక్కి నొక్కి రాస్తున్నాను. కోపంతోనే, ఇంకెందుకూ కాదు.

లిఫ్ట్ దిగేసరికి మా గుమ్మం ముందు చెప్పుల రాశి. తలుపు తీస్తే హాలంతా అగరుబత్తి పొగ. మూడో అంతస్తు మంగ గారు, ఆవిడ వెనకాల ఈ బిల్డింగులో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరూ, పట్టుచీరల్లో. సెలవు పెట్టి మరీ వచ్చినవాళ్ళున్నారు. ప్రాణమున్న నాగేంద్రుడు అబుదాబిలో ఇంకెక్కడ దొరుకుతాడు?

పెట్టె మూత పొద్దున్నుంచీ తీసే ఉంది. నాచు డబ్బా చెత్తబుట్టలో ఉంది. స్వామికి ఐస్‌క్రీమ్ డబ్బా ఏవిటి, తప్పు కదూ అని పారేశారట. హీట్ మ్యాట్ ప్లగ్ పీకేసి అక్కడ సీరియల్ లైట్లు పెట్టారు. పొగకీ జనానికీ ఉక్కపోస్తోందని ఏసీ పద్దెనిమిదికి తగ్గించారు. బిస్కెట్ ఒక మూల ఉండలా చుట్టుకుని, తల లోపలికి దాచేసుకుని ఉంది. ఒంటినిండా పాలు, పసుపునీళ్ళు ఎండి అట్టకట్టాయి. నడుం మీద కుంకుమ. పక్కన చలిమిడి, చిమ్మిలి, రెండు కోడిగుడ్లు.

అదేనా? కాదు. పూజ నా పేరున. నా కడుపు పండాలని. నేనింకా బ్యాగ్ కూడా దింపలేదు, మంగ గారు నా నెత్తిన అక్షింతలు వేసి, వచ్చే ఏడు పిల్లాణ్ణి చంకనేసుకుని పాలు పోద్దువుగానిలే అంది. అందరూ నా పొట్ట వంక చూశారు. ఒక్కరు కూడా మొహం వంక చూడలేదు.

యల్లా, ఖలాస్, కదలండి, అందరూ బయటికి అన్నాను, సైట్‌లో ఫోర్‌మన్ అరిచినట్టు. వెళ్ళిపోయారు. చలిమిడి మాత్రం సర్దుకుని వెళ్ళారు.

6 నవంబర్

అమ్మ భక్తితో చేసింది, నువ్వు అర్థం చేసుకోవాలి అన్నాడు ఆశిష్. నాది ప్రొక్యూర్‌మెంట్ డిపార్ట్‌మెంట్, అర్థం చేసుకునే డిపార్ట్‌మెంట్ కాదు అన్నాను. ఎప్పుడు చెప్తావు మీ అమ్మకి అని అడిగాను. మూడ్ బాలేనప్పుడు అవన్నీ ఎందుకు అన్నాడు. ఎవరి మూడ్?

8 నవంబర్, శుక్రవారం

కుబుసం మొదలైంది. మొదలై ఆగిపోయింది. మామూలుగా అయితే మేజోడు తిరగదీసినట్టు మొత్తం ఒక్కటిగా వచ్చేస్తుంది. ఇప్పుడు గోడకి పెచ్చులు లేచినట్టు ఎక్కడికక్కడ ముక్కలు. పాలు ఎండిన చోట ఒంటికి అంటుకుపోయింది. తోక చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంది. రెండు కళ్ళ మీదా పొర అలాగే ఉంది. పెట్టె గోడకి మొహం రాసుకుంటోంది పాపం, రాసుకుంటూనే ఉంది.

ఆశిష్ నా కనుబొమల ట్వీజర్స్ పట్టుకొచ్చాడు. వీడియో చూశాడట. పట్టుకుని ఒక్క లాగు లాగితే ఖలాస్ అన్నాడు. చేతి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను.

లాగేయడానికి ఎంత ధైర్యం మనిషికి. ఒక మాట చెప్పడానికి లేదు.

9 నవంబర్, శనివారం

బిస్కెట్‌ని వెటర్నరీ డాక్టర్ రమీజ్‌కి చూపించాం. కేరళ ఆయన, నెమ్మదిగా మాట్లాడతాడు, నాకు ఆ నెమ్మది చూసి కూడా ఒళ్ళు మండింది. రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచాలి. తర్వాత తడి తువ్వాల్లోంచి దాని దారిన దాన్ని పాకనివ్వాలి. కంటి పొర చేత్తో తీస్తే కన్నే పోవచ్చు, దాని జోలికి వెళ్ళొద్దు. తోక ఉంగరం ఈ నాలుగైదు రోజుల్లో రాకపోతే రక్తం ఆడక చివర ఎండి రాలిపోతుంది. పాలు ఎందుకు పోశారు అని అడిగాడు. ఏం చెప్పను? రెలిజియస్ అన్నాను.

అత్తయ్య వస్తానని పట్టుబట్టి వచ్చింది. వెనక సీట్లో పెట్టె పక్కనే కూర్చుని దారి పొడుగునా లెంపలేసుకుంది.

10 నవంబర్, ఆదివారం

రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు.

బాత్రూమ్‌లో టబ్బు, అందులో బిస్కెట్, మూత మీద నా చెయ్యి. అత్తయ్య గుమ్మంలో స్టూల్ వేసుకుని కూర్చుంది. ముసఫాలో తన ఆఫీసు నుంచి ఆశిష్‌కి ఫోన్లు వస్తున్నాయి, ఆదివారం కూడా. హాల్లో తిరుగుతూ మాట్లాడుతున్నాడు.

స్వామి కన్ను పోతే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుందమ్మా అంది అత్తయ్య. నా చేతుల్తో నేనే చేసేను, ఉన్న దోషానికి ఇదొకటి తోడైతే నీ కడుపు ఇంక పండదేమో అంది. ఏడుస్తోంది. నిజంగానే భయపడుతోంది.

మెల్లగా చెప్పాల్సింది. చెప్పలేదు. నా కడుపుకేం దోషం లేదత్తయ్యా, లోపం మీ అబ్బాయిలో ఉంది, రెండేళ్ళ నుంచి ఇద్దరికీ తెలుసు, మీకు చెప్తానని తను చెప్పలేదు, నేను నోరు మూసుకున్నాను, మీరు ఊరందర్నీ పిలిచి నా నెత్తిన అక్షింతలు వేయించారు అని, మొత్తం, ఊపిరి తీసుకోకుండా అనేశాను. హాల్లో ఫోన్ మాటలు ఆగిపోయాయి.

అత్తయ్య గోడ పట్టుకుని లేచింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నువ్వు చెప్పాల్సింది కాదు అన్నాడు ఆశిష్. మరి ఎవరు చెప్పాలి? మంగ గారా?

11 నవంబర్

 మూడు కంచాలు, మూడు గదులు.

12 నవంబర్, మంగళవారం

పొద్దున్న అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. నా పక్కన నిలబడింది. క్షమించు అంటుందేమో అనుకున్నాను, సిగ్గులేకుండా ఎదురుచూశాను. ఆవిడ అడిగింది ఒక్కటే, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పేవా అని. మగాడి పరువమ్మా, గుమ్మం దాటనివ్వకు అంది.

నాది పరువు కాదా అన్నాను. చేతిలో గిన్నె సింకులో పడేశాను. సొట్ట పడింది.

నిజం చెప్పేస్తే కోపం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది.

14 నవంబర్, గురువారం

ఉంగరం వచ్చేసింది.

తువ్వాలు పట్టుకోవడానికి రెండు చేతులు చాలలేదు. ఆశిష్ ఇంట్లో లేడు, ఉన్నా పిలిచేదాన్ని కాదు. అత్తయ్య తనే వచ్చి తోక వైపు పట్టుకుంది. ఉత్త చేతులతో. మెత్తగా ఉందే అంది, ఎవరో మోసం చేసినట్టు. బిస్కెట్ మెల్లగా, మెల్లగా తడి గుడ్డలోంచి ముందుకు పాకింది. తోక చివర కాస్త నల్లబడింది కానీ డాక్టర్‌కి ఫోటో పంపితే బతుకుతుంది అన్నాడు. కుడి కంటి పొర దానంతట అదే ఊడి గుడ్డకి అంటుకుంది. ఎడమది రాలేదు. వచ్చేసారి కుబుసంతో వస్తుందట. అప్పటిదాకా ఆ కంటికి మసకే.

తువ్వాలు పిండుతూ అత్తయ్య అడిగింది, రెండేళ్ళూ మీ అమ్మక్కూడా చెప్పలేదా అని. లేదన్నాను. అయితే వదిన గారు కూడా నీలోనే లోపం అనుకుంటున్నారా అంది. అవునన్నాను. మా అమ్మ శనివారాలు ఉపవాసం ఉంటోంది, నా కోసం, అన్నాను.

అత్తయ్య తువ్వాలు మళ్ళీ పిండింది. అందులో నీళ్ళేం లేవు.

16 నవంబర్, శనివారం

కూరగాయలకి ముగ్గురం కలిసి లిఫ్ట్‌లో దిగుతున్నాం. మూడో అంతస్తులో మంగ గారు ఎక్కింది. కుబుసం ముక్క ఒక్కటిస్తే బీరువాలో పెట్టుకుంటాను అంది. తర్వాత నా వంక చూసి, పూజ ఫలించిందా, ఏవైనా విశేషమా అంది.

ఈ పిల్లలో ఏ లోపం లేదు మంగా, మావాడిలోనే ఉంది అంది అత్తయ్య. మామూలుగా, కూరల ధర చెప్పినట్టు.

ఆశిష్ లిఫ్ట్ నంబర్లు చూస్తున్నాడు. గ్రౌండ్ వచ్చింది. మంగ గారు దిగింది. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని దిగింది. ఆశిష్ దిగలేదు. తలుపులు మూసుకున్నాయి, లిఫ్ట్ పైకి వెళ్ళిపోయింది.