కాలనీ తెరిచిన రోజు

అన్నా,

ఎమ్మిగనూరులో మన మగ్గాలోళ్ల కాలనీ ఈ పొద్దు తెరిచినారు. నువ్వు పోయినాక వచ్చిన మొదటి ఎండాకాలం ఇది.

నువ్వు ఇండ్లు కట్టించే ఆఫీసు చుట్టూ తిరిగి అడిగింది రెండే: ఇంట్లో మగ్గం గుంటకు చోటు, పైన ఉడుకు దిగని మట్టి మిద్దె. ఆ ఇంజనీరు నిన్ను వాకిట్లోనే నిలబెట్టి, "టెండరు అయిపోయింది. ఊరికే ఇచ్చే ఇంటికి మీ సలహాలెందుకు?" అన్నాడు. మన సంఘం ప్రెసిడెంటు ఎవరినీ అడక్కుండానే అందరి తరఫున వాళ్ల ప్లానుకు సంతకం పెట్టేసినాడు. నాకు నీ మీదా కోపమే. వాళ్లతో అంత మెత్తగా మాట్లాడొచ్చినావు.

చివరికి రేకులే ఏసినారు. మగ్గం పెడితే మనిషి పడుకునే జాగా లేదు. రిబ్బను కత్తిరించినాక, ఇండ్లు వచ్చినోళ్ల తరఫున నన్ను మైకులో రెండు మంచి మాటలు చెప్పమన్నారు. నేను మైకు పట్టుకోలేదు. "రాండి సార్, మజ్జిగ తాగిపోండి" అని ఇంజనీరునూ ప్రెసిడెంటునూ మిట్టమధ్యాహ్నం మనకిచ్చిన కొత్తింట్లో సాప మీద కూర్చోబెట్టి, నేను గడపలో అడ్డంగా కూర్చున్నాను.

కాసేపటికే ఇంజనీరు చొక్కా ఒంటికి అతుక్కునింది. "ఇంత ఉడుకులో ఎట్లుంటారమ్మా?" అన్నాడు.

"మా అన్న మిమ్మల్ని అడిగింది ఇదే కదా సార్," అన్నాను.

ప్రెసిడెంటు నన్ను గుర్రుగా చూసినాడు. ఇంజనీరు తల దించుకోని, "ఈసారి కట్టేటప్పుడు మిమ్మల్ని అడుగుతాంలే," అన్నాడు.

"ఈసారి చెప్పేదానికి మా అన్న లేడు," అని లేచి దారి ఇచ్చినాను.

మజ్జిగ మాత్రం ఇయ్యలేదన్నా.